కంప్యూటర్‌ని సాకే ఖర్చు

మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న కంప్యూటరు కొన్నప్పుడు విండోస్‌కి ఎంత కట్టారో చెప్పగలరా? చాలామంది చెప్పలేరు. బిల్లులో దాని ధర విడిగా వేయరు కాబట్టి తెలిసే వీలూ లేదు. ల్యాప్‌టాప్ ఇంత అంటారు, బ్యాగూ మౌసూ దాంతోపాటే ఇస్తారు, పెట్టె తెరిస్తే విండోస్ వేసే ఉంటుంది. అదే షాపులో అదే కంపెనీది, అదే ప్రాసెసర్‌తో, 'డాస్' అని చీటీ అంటించిన మోడలు ఇంకోటి కనిపిస్తుంది. ధర కొన్ని వేలు తక్కువ. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పూట తిరిగినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. ఆ తేడా చాలావరకు విండోస్‌దే. అమెరికాలో విడిగా కొనాలంటే విండోస్ 11 హోమ్ 139 డాలర్లు, ప్రో అయితే 199.

ఇక రెండో ప్రశ్న. ఇది నన్ను తరచూ అడిగేదే. "లినక్స్ ఫ్రీ కదండీ, అది వేసుకుంటే ఆ డబ్బంతా మిగిలినట్టేగా?" చిన్న స్కూలు నడిపేవాళ్ళు అడుగుతారు, చిట్‌ఫండ్ ఆఫీసు వాళ్ళు అడుగుతారు, కాలేజీలో ల్యాబు చూసుకునే మేష్టార్లు అడుగుతారు. అవునంటే అబద్ధం చెప్పినట్టు, కాదంటే లినక్స్‌కి అన్యాయం చేసినట్టు. కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాల్సిన విషయం. రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

కొన్న ధర వేరు, సాకే ఖర్చు వేరు. ఈ రెండిటినీ కలిపి లెక్క కట్టాలన్న మాటని కంప్యూటర్ల వ్యాపారంలో పాతుకునేలా చేసింది గార్ట్‌నర్ అనే అమెరికా సలహా సంస్థ, 1987లో. దాన్నే ఇప్పుడు అందరూ టీసీఓ అంటున్నారు. లైసెన్సు ఎంత, మెషీన్ ఎంత, దాన్ని చూసుకునే మనిషి జీతమెంత, వాడేవాళ్ళకి నేర్పడానికి ఎంత, పాడై పని ఆగిన రోజు నష్టమెంత, చివరికి దాన్ని వదిలి ఇంకోదానికి మారాలంటే ఎంత, అన్నీ కలిపి చూడమంటారు. మంచి మాట. కానీ వీటిని పట్టికగా గీస్తే అందరూ అందులో మొదటి గడి చూసి కొంటారు. చివరి గడి, అంటే మారాలంటే ఎంత అన్నది, ఎవరూ చూడరు. ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది ఆ చివరి గడి గురించే.

ముందు లినక్స్‌కి ఎదురుగా ఉన్న లెక్క చూద్దాం. 2002లో ఐడీసీ అనే సంస్థ, మైక్రోసాఫ్ట్ డబ్బిచ్చి చేయించిన అధ్యయనంలో, ఐదు రకాల సర్వర్ పనుల్ని తీసుకుని ఐదేళ్ళ ఖర్చు కట్టింది. నాలుగింటిలో విండోస్ 2000 చవక అని తేలింది. వెబ్‌సైట్లు నడపడంలో ఒక్కదాంట్లో మాత్రం లినక్స్ చవక. డబ్బిచ్చింది మైక్రోసాఫ్ట్ కాబట్టి ఆ లెక్క చెత్త అని అప్పట్లో చాలామంది కొట్టిపారేశారు. నేను అలా అనను. అందులో ఒక నిజం ఉంది. సర్వర్ ఖర్చులో పెద్ద ముక్క లైసెన్సుది కాదు, మనుషులది. ఆ రోజుల్లో లినక్స్ తెలిసిన మనుషులు తక్కువ, జీతాలు ఎక్కువ. తెలిసినవాడు ఒక్కడే ఉండి వాడు ఉద్యోగం మానేస్తే, లైసెన్సు మీద మిగిలిన డబ్బుకి రెట్టింపు పోతుంది. ఈ మాట ఇవాళ్టికీ నిజమే. లినక్స్ వేసుకోవాలనుకున్న ఆఫీసు ముందు అడగాల్సింది "ఎవరు చూసుకుంటారు?" అని.

కానీ ఆ నిజం ఆ నాటి జీతాల మీద ఆధారపడ్డది. ఇవాళ ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్ల వైపు వెళ్ళే ఏ పిల్లవాణ్ణి కదిపినా లినక్స్ కమాండ్లు చెబుతాడు. క్లౌడ్ అని మనం పిలుచుకునేదంతా చాలావరకు లినక్స్ మీద నడుస్తోంది. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉన్నది లినక్స్ కెర్నెలే. మనిషి దొరకడం మునుపంత కష్టం కాదు. ఆఫీసు బల్ల మీద కంప్యూటరు దగ్గరే చిక్కు వస్తుంది. అక్కడ విండోస్ తెలిసిన రిపేరు కుర్రాడు వీధికొకడు దొరుకుతాడు, లినక్స్ తెలిసినవాణ్ణి వెతుక్కోవాలి.

ఇప్పుడు మ్యూనిక్ కథ చెప్పాలి. ఈ విషయం మీద ప్రపంచంలో ఎవరు వాదించినా చివరికి ఆ ఊరి దగ్గరికే వచ్చి ఆగుతారు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థకి సుమారు 14 వేల కంప్యూటర్లు, వాటి మీద విండోస్ ఎన్‌టీ 4. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేస్తోంది. కొత్త విండోస్ కొనాలా, లినక్స్‌కి మారాలా అని 2003లో కౌన్సిల్ చర్చ పెట్టుకుంది. సంగతి ఎంత పెద్దదైందంటే అప్పటి మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ స్విట్జర్లాండ్‌లో మంచు మీద స్కీయింగు సెలవు మధ్యలో ఆపుకుని మేయరు క్రిస్టియన్ ఊడేని కలవడానికి వచ్చాడు. కంపెనీ తన ధరని 3.66 కోట్ల డాలర్ల నుంచి దించుకుంటూ 2.37 కోట్లకి తెచ్చింది. లినక్స్ వైపు నుంచి సూజే అనే లినక్స్ కంపెనీ, ఐబీఎం కలిసి చెప్పిన ధర 3.57 కోట్లు.

చూశారా, లినక్సే ఖరీదు! అయినా 2003 మే నెలలో కౌన్సిల్ లినక్స్‌కే ఓటేసింది. చవక అని కాదు. ఒక్క కంపెనీ "ఇక ఆపేస్తున్నాం" అంటే నగరం మొత్తం పరుగులు పెట్టాల్సిన స్థితి వద్దనుకున్నారు. పైగా ఆ డబ్బు తమ ఊరి మనుషుల చేతికి పోతుందని కూడా చూసుకున్నారు. ఇక్కడ ఇంకో విషయం గమనించండి. పోటీగా మరోదారి ఉంది అని తెలిసిన మరుక్షణం ధర మూడో వంతుకు పైగా తగ్గింది. లినక్స్ వైపు వెళ్ళే ఉద్దేశం లేనివాళ్ళకి కూడా లినక్స్ వల్ల లాభమే.

ఆ మార్పు తేలిగ్గా జరగలేదు. పదేళ్ళు పట్టింది, 2013కి పూర్తయింది. దానికి లిముక్స్ అని పేరు పెట్టుకున్నారు. కోటి యూరోలకు పైగా ఆదా అయిందని నగరం 2012లో లెక్క చెప్పింది. అది సరికాదని మైక్రోసాఫ్ట్ చేయించిన ఇంకో అధ్యయనం వాదించింది. ఆ తర్వాత 2014లో మేయరు మారాడు, డీటర్ రైటర్ వచ్చాడు. బయటి ఆఫీసుల నుంచి వచ్చిన ఫైళ్ళు సరిగ్గా తెరుచుకోవడం లేదని, కొన్ని పనులకి ఇప్పటికీ విండోస్ పెట్టుకోవాల్సి వస్తోందని ఉద్యోగుల ఫిర్యాదులు పెరిగాయి. 2017లో కౌన్సిల్ మళ్ళీ విండోస్‌కే వెళ్ళాలని తీర్మానించింది. తిరిగి వెళ్ళడానికి సుమారు 5 కోట్ల యూరోలు అవుతుందని అంచనా వేశారు.

దీంతో "చూశారా, లినక్స్ ఓడిపోయింది" అన్నవాళ్ళున్నారు. నేను ఆ కథని అలా చదవను. అప్పట్లో నగరం రాయించుకున్న నిపుణుల నివేదికే చెప్పింది, పెద్ద సమస్య నిర్వహణలో ఉంది అని. ఒక్కో శాఖకి ఒక్కో కంప్యూటర్ విభాగం, ఎవరి పద్ధతి వాళ్ళది, పాత వెర్షన్లని సకాలంలో మార్చకపోవడం. సిస్టమ్ ఏదైనా ఇలా చేస్తే ఏడుపే మిగులుతుంది. 2020లో గ్రీన్స్, సోషల్ డెమొక్రాట్లు కలిసి పాలకవర్గంగా ఏర్పడి, వీలైనచోటల్లా లినక్స్ లాంటి ఓపెన్ సోర్సే వాడాలని ఒప్పందంలో మళ్ళీ రాసుకున్నారు. ఇరవై ఏళ్ళలో ఆ ఊరు అటూ ఇటూ తిరిగింది. ప్రతి తిరుగుడుకీ కోట్లు ఖర్చయ్యాయి. సిస్టమ్ నిర్ణయం మేయరు మారినప్పుడల్లా మారేది అయితే ఏ సిస్టమూ చవక కాదు.

దీనికి పక్కన ఫ్రాన్స్ పోలీసులది పెట్టి చూడండి. అక్కడి జాందార్మరీ, అంటే గ్రామీణ ప్రాంతాల్ని కాపలా కాసే సాయుధ పోలీసు దళం, ఎంత ఓపిగ్గా చేసిందో. 2005లో ముందు ఓపెన్‌ఆఫీస్ పెట్టారు, విండోస్ మీదే. 2006లో బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్‌కి, మెయిలు థండర్‌బర్డ్‌కి మార్చారు. అప్పటికీ కింద విండోసే. జనానికి కొత్త ప్రోగ్రాములు చేతికి అలవాటయ్యాక, 2008 నుంచి కింద ఉన్న సిస్టమ్‌ని ఉబుంటు అనే లినక్స్‌కి మార్చుకుంటూ వెళ్ళారు. వాడేవాళ్ళకి పెద్దగా తేడా తెలియలేదు, ఎందుకంటే వాళ్ళు రోజూ చూసే కిటికీలు అవే. నాకు తెలిసినంతలో ఇంతకంటే తెలివైన వరస లేదు. మీ ఆఫీసులో మార్చాలనుకుంటే ఇదే వరస పట్టండి. ముందు ప్రోగ్రాములు, చివర్లో సిస్టమ్.

అంత దూరం ఎందుకు, మన దక్షిణాదిలోనే ఉంది చూడదగ్గది. కేరళ. అక్కడ ప్రభుత్వ బడుల్లో ఐటీ చదువు కోసం ఐటీ అట్ స్కూల్ అనే పథకం మొదలుపెట్టి, ఉచిత సాఫ్ట్‌వేర్‌కి మారారు. ఇప్పుడు దాన్ని కైట్ అనే సంస్థ చూసుకుంటోంది. 2019లో ఆ సంస్థ బడుల్లోని రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకి ఉబుంటు ఆధారంగా తామే కూర్చుకున్న సిస్టమ్‌ని ఇస్తూ, లైసెన్సు కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ కొనాల్సి వస్తే అయ్యే 3,000 కోట్ల రూపాయలు మిగిలాయని చెప్పింది. అది కంప్యూటరుకి లక్షన్నర చొప్పున సిస్టమ్‌తో పాటు పాఠాల ప్రోగ్రాములన్నీ కలిపి వేసిన లెక్క. అన్నీ నిజంగా కొనేవాళ్ళా అని మీరు అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. నన్ను ఆకట్టుకున్నది ఆ అంకె కాదు. మిగిలినదాన్ని వాళ్ళు మనుషుల మీద పెట్టారు. టీచర్లకి శిక్షణ ఇచ్చారు, వాళ్ళలోంచే శిక్షకుల్ని తయారుచేశారు. బడి పిల్లలతో లిటిల్ కైట్స్ అని క్లబ్బులు పెట్టారు. కంప్యూటరు మొండికేస్తే జిల్లా కేంద్రం నుంచి ఎవరో వచ్చేదాకా ఆగకుండా, ముందు బడిలోనే ఎవరో ఒకరు చూడగలిగే పరిస్థితి తెచ్చుకున్నారు. లైసెన్సు డబ్బు రాష్ట్రం దాటి వెళ్ళిపోయేది, శిక్షణ డబ్బు ఆ ఊళ్ళోనే తెలివిగా మిగిలింది. రెండూ ఖర్చులే. కానీ పదేళ్ళ తర్వాత చేతిలో ఏం ఉంది అన్నది వేరు.

మన దగ్గరా ప్రయత్నం లేకపోలేదు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే ఉద్యమం తెలుగులో పనిచేసే లినక్స్‌ని తయారుచేసింది, కాలేజీ పిల్లలతో ఎన్నో శిబిరాలు నడిపింది. చేసినవాళ్ళలో చాలామంది జీతం లేకుండా చేశారు. బడుల్లో కేరళ స్థాయిలో ప్రభుత్వం దాన్ని చేతికెత్తుకుని ఉంటే ఎంత బాగుండేదో అని నేను మనసారా అనుకుంటాను.

సరే, ఇప్పుడు మనందరికీ నేరుగా తగిలిన సంగతికి వద్దాం. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. న్యాయంగా చెప్పాలంటే 2015 నుంచి పదేళ్ళు అప్‌డేట్లు ఇచ్చారు, అది తక్కువేం కాదు. కానీ విండోస్ 11కి వెళ్ళాలంటే మెషీన్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. అంటే 2016, 2017 ప్రాంతంలో కొన్న కంప్యూటర్లు, బాగా పనిచేస్తున్నవి, బయటికే. కంపెనీలకి ఇంకో దారి పెట్టారు. అదనపు భద్రతా అప్‌డేట్లు కొనుక్కోవచ్చు. మొదటి ఏడాది మెషీన్‌కి 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. ఆ తర్వాత లేదు. బడులకి మాత్రం బాగా తక్కువ, ఒక డాలరు, రెండు, నాలుగు.

మీది ఇరవై కంప్యూటర్ల ఆఫీసు అనుకుందాం. మూడేళ్ళూ కొంటే మెషీన్‌కి 427 డాలర్లు, ఇరవైకి 8,540. డాలరు 85 రూపాయలు అనుకున్నా ఏడు లక్షల పాతిక వేల పైచిలుకు. కొత్త ఫీచరు ఒక్కటీ రాదు, పాతది సురక్షితంగా ఉండటానికే ఈ డబ్బు. అదే డబ్బుతో నెలకి పది వేలిచ్చి లినక్స్ తెలిసిన కుర్రాడితో నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) మాట్లాడుకుంటే ఆరేళ్ళు నడుస్తుంది. ఆ పాత మెషీన్లలోనే ఉబుంటు వేసుకోవచ్చు, దాని దీర్ఘకాలిక వెర్షన్‌కి ఐదేళ్ళు ఉచితంగా అప్‌డేట్లు వస్తాయి. మీ ఆఫీసులో రోజంతా జరిగేది బ్రౌజరూ మెయిలూ ఉత్తరాలూ ఎక్సెల్ లాంటి షీట్లే అయితే, ఈ లెక్క చూసి కూడా మారకపోవడానికి నాకు కారణం కనబడదు.

కానీ మన ఆఫీసులన్నీ అలా ఉండవు, అదీ నాకు తెలుసు. అకౌంటెంటు కూర్చునే మెషీన్‌లో టాలీ ఉంటుంది, అది విండోస్ కోసం చేసింది. రిటర్నులు వేయడానికి డిజిటల్ సంతకం టోకెను యూఎస్‌బీకి గుచ్చాలి, దాని డ్రైవరు లినక్స్‌లో ఇబ్బంది పెట్టొచ్చు. ప్రింటరూ స్కానరూ ఏ మోడలో చూసుకోవాలి. ఆ ఒకటి రెండు మెషీన్లని విండోస్ మీదే ఉంచండి, దాని డబ్బు దానికి కట్టేయండి. ఇరవైలో రెండింటి కోసం ఇరవైకీ కట్టడం దేనికి?

ఇక ఆ చివరి గడి. దాన్ని కళ్ళతో చూడాలంటే విజయవాడలోనో గుంటూరులోనో పదిహేను ఇరవై ఏళ్ళ నాటి డీటీపీ సెంటరుకి వెళ్ళండి. శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, కవిత్వ సంపుటాలు, అన్నీ అక్కడ పుడతాయి. ఒక మూల ఇప్పటికీ పాత విండోస్ మెషీను ఉంటుంది, దానికి నెట్ పెట్టరు. అందులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని తర్వాత అడోబి దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ మీద పడింది. అయినా ఈ సెంటరులో ఆపరేటరు వేళ్ళు కీబోర్డు చూడకుండా యాపిల్ లేఅవుట్‌లో తెలుగు కొడుతూనే ఉంటాయి. ఒత్తులూ గుణింతాలూ ఒక్కోటీ ఏ మీటలో ఉందో ఆ వేళ్ళకి కంఠస్థం.

ఆయన్ని ఎందుకు మారలేదని అడిగితే విండోస్ ధర మాట ఎత్తడు. బీరువా నిండా ఉన్న సీడీల వైపు చూపిస్తాడు. ఇరవై ఏళ్ళ పుస్తకాలు అందులో ఉన్నాయి. అవి ఏ మెషీనైనా చదవగలిగే యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి, తెలుగు కనబడదు. ఏదైనా పుస్తకం రెండో ముద్రణకి వస్తే ఆ మెషీనే కావాలి. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ప్రతి పేజీ మళ్ళీ ప్రూఫు చూడాలి. రెండొందల పేజీల పుస్తకానికి ఆ ప్రూఫు కూలీ ఎంతో, ఆ మనిషి ఆ వారం ఇంకే పని ఒప్పుకోలేకపోయినందుకు నష్టమెంతో లెక్క వేస్తే, అదీ మారే ఖర్చు. మనల్ని కట్టిపడేసేది తరచూ సిస్టమ్ కాదు. ఫైలూ ఫాంటూ వేళ్ళ అలవాటూ.

అందుకే యూనికోడ్‌లో స్వేచ్ఛగా వాడుకోగల తెలుగు ఫాంట్లు రావడం ఎంత పెద్ద మేలో చెప్పలేను. పోతన, వేమన వచ్చాయి. తర్వాత మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ లాంటి పేర్లతో వరసగా ఎన్నో వచ్చాయి. ఏ సిస్టమ్‌లోనైనా వేసుకోవచ్చు, లైసెన్సు అడిగేవాళ్ళు లేరు. ఇవాళ వాటితో కట్టిన పుస్తకం ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకి ఆ చివరి గడిలో ఖర్చు దాదాపు సున్నా.

ఇంతసేపూ లినక్స్ వైపు మాట్లాడానని, అక్కడంతా పాలూ తేనే అనుకోకండి. సెంటాస్ సంగతి చెప్తాను. రెడ్ హ్యాట్ అనే కంపెనీ అమ్మే లినక్స్‌కి అచ్చంగా నకలు లాంటిది, ఉచితం. చిన్నా పెద్దా కంపెనీలెన్నో సర్వర్లన్నీ దాని మీదే పెట్టుకున్నాయి. సెంటాస్ 8కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయన్నారు. 2020 డిసెంబరులో ఒక ప్రకటన వచ్చింది, 2021 చివరితో ఆపేస్తున్నామని. ఎనిమిదేళ్ళ భరోసా ఒక్క రోజులో పోయింది. కోపాలు, తిట్లు, అన్నీ అయ్యాయి. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. సోర్సు బయటే ఉంది కాబట్టి ఆ మరుసటి ఏడాదిలోనే రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ అని రెండు వారస సిస్టమ్‌లు సిద్ధమయ్యాయి. సర్వర్ మీద ఉన్నదాన్ని తీసేయకుండానే వాటికి మారిపోయారు. మనల్ని వదిలేసేవాళ్ళు రెండు వైపులా ఉంటారు. ఒక వైపు మనకి ఇంకో తలుపు ఉంటుంది, అంతే తేడా. నా దృష్టిలో అది చాలా పెద్ద తేడా.

ఇక ఉచితంగా వాడుకునేవాళ్ళ బాధ్యత గురించి ఒక్క మాట చెప్పకపోతే తప్పు. ఊరుమ్మడి బావిలో నీళ్ళు ఎవరైనా తోడుకోవచ్చు, కానీ పూడిక తీయడానికి ఊరంతా చందా వేసుకోవాలి. ఓపెన్ సోర్స్‌లో తోడుకునేవాళ్ళు కోట్లలో, పూడిక తీసేవాళ్ళు వేళ్ళ మీద. 2024 మార్చిలో ఏం జరిగిందంటే, ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండేదే, ఎవరో పెట్టిన దొంగదారి బయటపడింది. దాన్ని ఏళ్ళ తరబడి ఒక్క మనిషి తీరిక వేళల్లో చూసుకుంటున్నాడు, అలిసిపోయి ఉన్నాడు. సాయం చేస్తానని వచ్చి నమ్మకం సంపాదించినవాడే ఈ పని చేశాడు. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానం వచ్చి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని బయటపెట్టాడు. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లోనే. సోర్సు బయట ఉండబట్టి ఆయన చూడగలిగాడు. చూసుకునే మనిషికి తోడు లేకపోబట్టి ఆ దొంగ చొరబడగలిగాడు. రెండు పాఠాలూ మనకి కావాలి.

డబ్బు పెట్టి సపోర్టు కొనుక్కోవడం అక్కడ కూడా ఉంది, అందులో చిన్నతనం లేదు. రెడ్ హ్యాట్ బతికింది దాని మీదే. దాన్ని ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లు పెట్టి కొన్నదంటే, ఉచితంగా దొరికే సిస్టమ్‌కి కూడా రాత్రి రెండింటికి ఫోనెత్తే మనిషి ఎంత విలువైనవాడో చూడండి. ఆసుపత్రి, బ్యాంకు, ఆగితే నష్టం లక్షల్లో ఉండే ఏ పనైనా, ఆ సపోర్టు కొనుక్కోవాల్సిందే.

అప్‌డేట్లు వదిలేస్తే ఏమవుతుందో మన కళ్ళ ముందే జరిగింది. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై అనే వైరసు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని జిల్లాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. స్క్రీను మీద ఎర్ర కిటికీ, ఫైళ్ళు కావాలంటే 300 డాలర్లు కట్టమని. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేటుని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రులకి దానివల్ల అయిన నష్టం 9.2 కోట్ల పౌండ్లని అక్కడి ప్రభుత్వమే లెక్క తేల్చింది. మన వీధుల్లో మూడు నాలుగొందలకి క్రాక్ విండోస్ వేయించుకునే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అప్‌డేట్లు వస్తే లాక్ అయిపోతుందని వాటిని ఆపి పెట్టే ఇస్తారు. ఆ మెషీన్‌లోనే మీరు బ్యాంకు పాస్‌వర్డు కొడతారు. దానికంటే ఖరీదైన సిస్టమ్ ఇంకోటి లేదు. డబ్బు పెట్టలేకపోతే లినక్స్ వేసుకోండి, అది చట్టబద్ధంగా మీదే.

కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఒక విధానం ప్రకటించింది. ప్రభుత్వ ఐటీ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని, వేరేది కొంటే కారణం రాసి పెట్టాలని. మంచి విధానం. అది ఫైళ్ళలో ఉంటే చాలదు, టెండరు రాసే ప్రతి ఆఫీసరు చేతిలో ఉండాలి. టెండరులో సిస్టమ్ పేరు రాసేసి ధర అడిగితే పోటీ ఎక్కణ్ణుంచి వస్తుంది? పని రాయండి, సిస్టమ్ ఎవరికి వీలైంది వాళ్ళు చూపిస్తారు. మ్యూనిక్‌లో ధర దిగింది అలాగే కదా.

ఇంతకీ నా తీర్పు ఏమిటని అడిగితే సూటిగా చెప్తాను. ఫ్రీ అని లినక్స్ తీసుకోకండి, కంప్యూటర్‌తో వచ్చిందని విండోస్‌లో ఉండిపోకండి. రెండిటికీ ఖర్చుంది. విండోస్ డబ్బు అనుమతికి పోతుంది, లినక్స్ డబ్బు నైపుణ్యానికి పోతుంది. చూసుకునే మనిషిని పెట్టుకోగలిగితే లినక్స్ ఐదేళ్ళలో కచ్చితంగా చవక పడుతుంది, పదేళ్ళలో మీ దగ్గర తెలివి మిగులుతుంది. మనిషిని పెట్టుకోలేకపోతే, ఇవ్వాల్సింది ఇచ్చి అసలు విండోసే వాడండి, అప్‌డేట్లు వేసుకోండి.

వచ్చే మార్చిలో మీ స్కూలుకో ఆఫీసుకో కంప్యూటర్ల బడ్జెటు రాసేటప్పుడు కాగితం మీద ఒక గడి ఎక్కువ గీయండి. "ఐదేళ్ళ తర్వాత దీన్ని వదలాలంటే ఎంత?" అని పైన రాయండి. అమ్మడానికి వచ్చినవాణ్ణే అడిగి నింపించండి. సమాధానం చెప్పలేనివాడి దగ్గర ఏదీ కొనకండి, ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.